చెప్పినవారి జాడ తెలియనివ్వకు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ప్రాసెస్ చేసిన ఆహారం వెనుక మనుషుల బతుకులు ఎలా ఉన్నాయో మదింపు చేసే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ముప్ఫై ఏళ్లు నేను నడిచిన దారిలోకి మన ఇంటి పిల్ల వస్తోందని పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పద్ధతి నీకు తెలుసు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009లో తెచ్చిన సామాజిక జీవితచక్ర మదింపు (ఒక వస్తువు ముడిసరుకు దశ నుంచి పారేసేదాకా మనుషుల మీద దాని ప్రభావం చూడడం) మార్గదర్శకాలను 2020లో సవరించారు. పాతవి చదివి ఊరుకోకు. కార్మికులు, స్థానికులు, సరఫరా గొలుసులోని వారు, వినియోగదారులు, సమాజం అనే వర్గాలకు అప్పుడు పిల్లలు కూడా చేరారు. జామ్ సీసా చేతికిచ్చారంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెట్టకు. పండు కోయడం, చెరకు నరకడం, సీసా తయారీ, రవాణా... ఒక్కో అంచెలో ఎన్ని పనిగంటలు పట్టాయో చూడు. యంత్రాలు నడిచే చోట ఆ గంటలు తక్కువగా, తోటలోనే ఎక్కువగా తేలవచ్చు. తోటకు వెళ్లకుండా రాసిన నివేదిక నాకు చూపించకు.

ఇక నా భయం చెబుతాను. నీ వయసులో ఒక పండ్ల కర్మాగారానికి వెళ్లాను. వస్తున్నామని వారం ముందే కబురు పంపాం. అనాసలు చెక్కే వరుసలో ఆడవాళ్లందరి చేతులకూ తొడుగులు ఉన్నాయి. పొట్లంలోని మడతలు వాటి మీద ఇంకా చెరగలేదు. అది చూస్తూనే 'తొడుగులు ఉన్నాయి' అని టిక్కు పెట్టాను. మంచినీళ్ల కుళాయి దగ్గర ఒకామె ఏమీ మాట్లాడకుండా తొడుగు తీసి చెయ్యి చాపింది. పండు రసానికి వేళ్ల కొసలు తెల్లగా నాని, చర్మం లేచిపోయి ఉంది. "ఇవి ఈ పొద్దునే ఇచ్చారు" అంది. తాను కాంట్రాక్టరు మనిషినని, జీతాల రిజిస్టరులో తన పేరుండదని కూడా చెప్పింది.

నేను ఆవేశంగా అంతా రాశాను. పేరు రాయలేదు కానీ, 'చెక్కే వరుసలో ఎడమచేతి వాటం కార్మికురాలు' అని రాశాను. ఆ వరుసలో ఎడమచేత్తో కత్తి పట్టేది ఆమె ఒక్కతే. మూడు నెలల తర్వాత మళ్లీ వెళితే ఆమె పీట మీద వేరే అమ్మాయి కూర్చుంది. "మానేసింది" అన్నారు. వాకబు చేశాను, జాడ దొరకలేదు. తొడుగులు రోజూ ఇస్తున్నారని సంతోషంగా చెప్పారు. ఆ మాట విని తల ఎత్తలేకపోయాను.

అందుకే చెబుతున్నాను తల్లీ, విను. విన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇక్కడ అది పనికిరాదు. మేనేజరు గదిలో ఎవరినీ మాట్లాడించకు. ఒక్కరినే పిలవకు, పదిమందితో మాట్లాడితే ఎవరు చెప్పారో తెలియదు. జీతాల రిజిస్టరును గేటు దగ్గర రాకపోకలు రాసే పుస్తకంతో పోల్చు, లెక్కలో లేని మనుషులు అక్కడే బయటపడతారు. ముఖాలు ఫోటో తీయకు. కోప్పడుతున్నానని అనుకోకు. నీ మంచి మనసే నన్ను కలవరపెడుతోంది. నాదీ అప్పుడు మంచి మనసే.

తొలి నివేదిక అప్పగించే ముందు పేర్లూ చిరునామాలూ తీసేసి, మీ పైవాళ్ల అనుమతితో నాకు పంపు. ఎవరినైనా గుర్తుపట్టే వీలుందేమో వాక్యం వాక్యం చూస్తాను.

మీ పెదనాన్న