గుడికని చెప్పి జిమ్‌కి

ప్రశ్న: నా వయసు 61. మాది రాజమండ్రి. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. నలభైల్లో నాలుగేళ్ళు జిమ్‌లో నెమ్మదిగా బరువులెత్తే పద్ధతి నేర్చుకుని చేశాను. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక మానేశాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. మళ్ళీ మొదలుపెడతానంటే మావారు "ఈ వయసులో బరువులేంటి? నడుం పట్టేస్తే నిన్నెవరు చూస్తారు?" అని గొడవ. గుడికని చెప్పి మూడు వారాలుగా వెళ్తున్నాను. అప్పట్లో ఎత్తినదాంట్లో సగం కూడా ఎత్తలేకపోతున్నాను. ఏడుపొస్తోంది. మానేయనా?

జవాబు: జిమ్ మానకండి. గుడి అబద్ధం మాత్రం ఈ వారమే మానేయండి. రేపు పూజారిగారు "అమ్మగారు కనబడ్డం లేదే" అంటే, జిమ్ సంగతి పక్కకుపోయి, దాచారన్న కోపమే మిగులుతుంది.

మీవారి మాట మళ్ళీ చదివాను. నలుగురూ నవ్వుతారని కాదు, నిన్నెవరు చూస్తారని అన్నారాయన. వాళ్ళమ్మ పడితే మీరు చూశారు. మీరు పడితే అంత చాకిరీ తనవల్ల కాదని ఆయనకు తెలుసు. ఆ భయంతో వాదన పెట్టుకుంటే తేలదు. "అత్తయ్యగారిలా పడకూడదనే వెళ్తున్నాను" అని చెప్పి చూడండి.

అది ఉత్త మాట కూడా కాదు. ముట్లాగాక ఆడవాళ్ళ ఎముకలు త్వరగా గుల్లబారతాయి. మీరు చేసే పద్ధతి పుట్టిందే అక్కడ. 1982లో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో, మామూలు వేగంతో చేయిస్తే దెబ్బ తగులుతుందేమోనని కెన్ హచిన్స్ అనే వ్యాయామ శిక్షకుడు దీన్ని తీర్చిదిద్దాడు. పది సెకన్లు ఎత్తడం, అంతే నిదానంగా దించడం. నెమ్మదిగా చేస్తే కండ ఎక్కువొస్తుందని కొందరంటారు గానీ నాకు నమ్మకం లేదు. కుదుపు ఉండదు, మీకు అదే ముఖ్యం.

ఇక ఆ ఏడుపు. పాత లెక్కలు మనసులోంచి తీసేయండి (బ్యాంకు మనిషికి కష్టమే, తెలుసు). 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో తొంభై ఏళ్ళకు అటూఇటూ ఉన్నవాళ్ళు సైతం ఎనిమిది వారాల బరువుల సాధనతో కాళ్ళ బలం రెట్టింపుకు పైగా పెంచుకున్నారు. మీకు మూడు వారాలే అయింది, పైగా ఇది ఒకప్పుడు అలవాటైన ఒళ్ళు. వారానికి రెండుసార్లు చాలు.

మొదట డాక్టరుకు బీపీ చూపించి, ఎముకల స్కాన్ అవసరమేమో అడగండి. కష్టమైనచోట ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. కండరం మండటం మామూలే. కీలులో సూదిలా పొడిస్తే ఆ రోజుకు ఆపేయండి. అన్నం, కూరలతో సరిపెట్టుకోకుండా పప్పు, పెరుగు, తింటే గుడ్డు పెంచండి.

ఆ స్కాన్‌కి ఆయన్నే వెంట తీసుకెళ్ళండి. తర్వాత ఒక్కరోజు జిమ్‌కీ. బరువులెత్తమనకండి. మీరు ఎత్తుతుంటే పక్కన నిలబడి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమనండి, తొందరపడకుండా.