కుండీతో సహా నాటితే నారు ఎందుకు వడలింది?

ప్రశ్న: హన్మకొండలో మాది చిన్న పెరడు, చల్క నేల. రోహిణి కార్తెలో కొబ్బరి పీచు కుండీల్లో బీర, ఆనిగెపు (సొర), చపాట మిరప నారు పోసి, తొలి వానలకు కుండీలతోనే నాటాం. రోజూ నీళ్లు పోస్తున్నా వారం తిరిగేసరికి సగం మొక్కలు వడలిపోయాయి. పీకి చూస్తే కుండీ పెట్టింది పెట్టినట్టే ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: ముందు కుండీ అంచును అనుమానించాలి. నేల పైకి అరంగుళం తేలి ఉన్నా చాలు, దీపం వత్తి నూనెను పీల్చినట్టు లోపలి తేమను పీల్చి గాలికి వదిలేస్తుంది. చుట్టూ నేల తడిగానే కనిపిస్తుంది, వేరుముద్ద ఎండిపోతుంది. ఎండిన పీచు అట్టలా బిగుసుకుంటే లేత వేరు దాన్ని చీల్చుకొని రాలేదు. 'మట్టిలో కలిసిపోతుంది' అని అమ్మేవారు చెప్పేది అబద్ధం కాదు గానీ, పీచు కుళ్లడానికి నెలలు పడుతుంది. బీర తీగ అన్నాళ్లు ఆగుతుందా?

ఈసారి నాటే ముందు కుండీని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. పైఅంచును లోపలి మట్టి మట్టానికి చించేయండి. అడుగు తీసేసి, పక్కలను రెండు మూడు చోట్ల నిలువునా చీల్చండి. గుంతలో పెట్టాక పీచు ఎక్కడా బయటికి కనిపించకూడదు. చుట్టూ మట్టిని చేత్తో గట్టిగా అదమండి. సందు మిగిలితే వేరు అక్కడే ఆగిపోతుంది.

బీర, ఆనిగెపు వేరు కదిలితే ఓర్చుకోవు. ఈ కుండీలు అసలు అలాంటి వాటికే. మొలిచిన 12–15 రోజులకు, రెండు మూడు ఆకులు రాగానే నాటేయాలి. కుండీ గోడలోంచి తెల్లటి వేరు మొనలు తొంగిచూస్తే అదే అదను. మిరప నారు 35–40 రోజులు పెరగాలి, వేరు కాస్త కదిలినా తేరుకుంటుంది. దానికి ప్రోట్రే (గుంతలున్న ప్లాస్టిక్ నారు ట్రే) చాలు, పీచు కుండీ దండగ.

చల్క నేలలో చెదల బెడద కూడా ఉంటుంది. కుండీలను ఇటుకల మీద ట్రేలో, ఒకదానికొకటి ఆనేలా పేర్చండి. విడివిడిగా పెడితే మన ఎండకు నాలుగు పక్కలా ఆరిపోతాయి. ట్రేలో అరంగుళం నీళ్లు పోసి, 20 నిమిషాలయ్యాక మిగిలింది ఒంపేయండి; నిలిస్తే మొదలు మెత్తబడి నారుకుళ్లు వస్తుంది. గోడ మీది తెల్ల బూజు కుండీని తినేదే, మొక్క జోలికి పోదు. కింది ఆకులు పసుపుబారి పాలిపోతే మాత్రం, కుళ్లే గోడ నత్రజనిని లాక్కుంటోందేమో చూడండి. లీటరు నీళ్లలో 2 గ్రాముల 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలిపి వారానికోసారి పోస్తే సరి.

ప్రశ్న: వాడేసిన పేపర్ టీకప్పులు, మోదుగాకు డొప్పలు నారుకు పనికొస్తాయా?

జవాబు: పేపర్ కప్పు లోపల నున్నగా ఉండేది సాధారణంగా ప్లాస్టిక్ పొరే. కాగితం కుళ్లినా అది మట్టిలో మిగులుతుంది. వాడితే నాటేటప్పుడు తీసేయండి. మోదుగాకు డొప్పకు లోతు తక్కువ, తడికి పుల్లలు ఊడి విచ్చుకుంటుంది. అంతకన్నా దినపత్రిక మేలు. జానెడు కన్నా కాస్త తక్కువ వెడల్పు పట్టీని గాజు గ్లాసుకు రెండు చుట్లు చుట్టి, అడుగున లోపలికి మడిచి, తడిపి, గ్లాసు లాగేయండి. రెండు పాళ్లు నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు వర్మీ కంపోస్ట్ కలిపి నింపండి. నాలుగైదు చుట్లు చుడితే మళ్లీ మీ పీచు కుండీ కథే.