బోర్డు మీద ఒక పేరు, జనం నోట ఇంకొకటి

ప్రశ్న: ఎవరైనా దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక వీధికి మూడు పేర్లున్నాయి. బోర్డు మీద ఉన్నదాని పక్కన మిగతా రెండూ బ్రాకెట్లలో రాస్తే ఎవరో తీసేశారు. తప్పేముంది?

జవాబు: తీసేసినవారిదే సరి. పేరు రాసే గడి, అంటే ‘నేమ్’ ట్యాగ్‌లో ఒక్క పేరే ఉండాలి, సాధారణంగా బోర్డు మీదున్నదే. బ్రాకెట్లు పెడితే దారి చెప్పే యాప్ ప్రతి మలుపులోనూ ఆ చాంతాడంతా చదువుతుంది. జనం పిలిచే పేరు ‘లోక్_నేమ్’లో, వాడుకలో ఉన్న మరో పేరు ‘ఆల్ట్_నేమ్’లో, మారిపోయిన పేరు ‘ఓల్డ్_నేమ్’లో రాయండి. పాత పేరుతో వెతికేవాళ్లకూ దొరుకుతుంది. రహదారి నంబరు ‘రెఫ్’లోకి పోతుంది. తెలుగు పేరుకు ‘నేమ్’ తర్వాత కోలన్ పెట్టి భాష కోడ్ ‘టీఈ’ చేర్చాలి. అయితే పేరును మీరే అనువదించి కొత్తది పుట్టించకండి. ‘రోడ్డు’ను ‘రో.’ అని కుదించకండి కూడా. పూర్తి పేరును కుదించడం సాఫ్ట్‌వేర్‌కు తేలిక, పొట్టి అక్షరాల వెనక ఏముందో ఊహించడమే కష్టం.

ప్రశ్న: పేరు సరిదిద్దాను. సగం వీధికే మారింది, ఇళ్లకు అసలు మారలేదు. ఎందుకు?

జవాబు: డేటాబేస్‌లో వీధి ఒకే గీత కాదు. వంతెన వచ్చినచోట, వన్‌వే మొదలైనచోట, వేగ పరిమితి మారినచోట గీత తెగుతుంది; ప్రతి ముక్కకూ పేరు విడిగా ఉంటుంది. పటాన్ని దిద్దే సాఫ్ట్‌వేర్ జోసమ్‌లో కంట్రోల్-ఎఫ్ నొక్కి పాత పేరుతో వెతికి, ముక్కలన్నీ ఎంచుకుని ఒకేసారి మార్చండి. అదే పేరున్న పక్క ఊరి వీధి కూడా ఎంపికలో పడిందేమో అప్‌లోడ్‌కు ముందే చూసుకోండి.

ఇళ్లలో వీధి పేరు ‘అడ్ర్:స్ట్రీట్’లో ఉంటుంది. వీధి పేరు మారినా అది దానంతట అదే మారదు. రెండూ కలవకపోతే ఈ పటంలో చిరునామాలు వెతికిపెట్టే నామినాటిమ్ ఆ ఇంటిని దగ్గర్లో ఉన్న మరో రోడ్డుకు కట్టేస్తుంది. మూలమీది ఇల్లయితే పక్క వీధికి పోయినట్టే.

తెలుగులో ఇంకో చిక్కుంది, కంటికి కనిపించదు. ‘పార్క్ రోడ్డు’లో పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు యూ+200సీ అనే, వెడల్పే లేని యూనికోడ్ అక్షరాన్ని చేరుస్తాయి. ఒకచోట అది ఉండి, మరోచోట లేకపోతే తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, అక్షరం అక్షరం పోల్చే తనిఖీ పరికరాలకు మాత్రం వేర్వేరు వీధులే. అనుమానమొస్తే వీధి పేరును ఒక్కసారి శుభ్రంగా టైపు చేసి, దాన్నే ఇళ్లన్నింటికీ కాపీ చేయండి. వేరేచోటి నుంచి అతికించిన పేర్లలో చివర ఖాళీ కూడా మిగిలిపోతుంటుంది.

ప్రశ్న: పేరే లేని సందుకు ‘పేరు లేదు’ అని రాయొచ్చా?

జవాబు: వద్దు, అదే పేరుగా అచ్చవుతుంది. ‘నేమ్’ వదిలేసి ‘నోనేమ్’కు ‘యెస్’ ఇవ్వండి. అయితే అక్కడికెళ్లి చూసిన తర్వాతే.