డెంగీ కేసు వస్తే మున్సిపాలిటీ వాళ్లు వీధిలో పొగ వేయకుండా ఇళ్లలో డ్రమ్ములు ఎందుకు చూస్తారు?

పొగమందు ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది; నీటిలో ఉన్న లార్వాలు (దోమ పిల్లపురుగులు) అలాగే మిగిలి, కొద్ది రోజుల్లో మళ్లీ దోమలవుతాయి. పైగా డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువగా పగలు కుట్టి, ఇళ్లలో మంచాల కింద, బట్టల చాటున వాలి ఉంటుంది కనుక వీధిలో వేసిన పొగ దాన్ని సరిగా చేరదు. అందుకే ఆసుపత్రి నుంచి కేసు సమాచారం అందగానే ప్రజారోగ్య సిబ్బంది రోగి ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్లలోనూ మందు పిచికారీ చేసి, ఇంకెవరికైనా జ్వరం ఉందేమో విచారించి, నీటి నిల్వలను పరిశీలిస్తారు.

నా దృష్టిలో వీటన్నిటిలో అతిముఖ్యమైనది ఆ పరిశీలనే. ఏడిస్ మురుగుకాలువలో కాక, మనం దాచుకున్న మంచినీటిలో, కూలర్ అడుగున, పూలకుండీ కింది పళ్లెంలో, మేడమీద పడేసిన టైరులో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు కాబట్టే వారానికొకసారి, చాలాచోట్ల శుక్రవారం, నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే ‘డ్రై డే’ పాటించమంటారు. గుడ్లు తొట్టి లోపలి గోడకు అంటుకుని, నీళ్లు లేకున్నా నెలల తరబడి బతకగలవు. అందువల్ల నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలను పీచుతో గట్టిగా తోమాలి. ఖాళీ చేయలేని నీటిలో సిబ్బంది లార్వాలను చంపే టెమిఫాస్ మందు వేస్తారు, పాడుబడ్డ బావుల్లో లార్వాలను తినే గంబూసియా చేపలను వదులుతారు.

అయితే వానాకాలంలో తాళం వేసి ఉండి పరిశీలించలేని ఒక్క ఇల్లు కూడా ఈ సిబ్బంది శ్రమను వృథా చేయగలదు. అలాంటి ఇల్లు మీ పక్కన ఉంటే మున్సిపల్ కార్యాలయానికి తెలియజేయండి.