టీబీ మందులు వాడుతున్నా నాన్న దగ్గు తగ్గడం లేదు... క్యాన్సర్ అనుమానించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 57 ఏళ్లు. పాతికేళ్లుగా కంకర క్రషర్‌లో పని. రోజుకో కట్ట బీడీలు తాగుతారు. నాలుగు నెలలుగా దగ్గు. తెమడ పరీక్షలో ఏమీ రాలేదు గానీ, ఎక్స్‌రేలో మచ్చ ఉందని టీబీ మందులు పెట్టారు. రెండు నెలలు దాటింది. దగ్గు అలాగే ఉంది, మనిషి చిక్కిపోయారు, మొన్న తెమడలో నెత్తురు చార కనబడింది. ఇది క్యాన్సరా? చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా? అమ్మకూ నాకూ స్కాన్ తీయించుకోవాలా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ఉత్తరం చదివి క్యాన్సరో కాదో చెప్పలేను. మీ నాన్నకు ఈ వారంలోనే ఛాతీ సీటీ స్కాన్ తీయించండి, అంతకుమించి ఆగొద్దు.

మన దగ్గర ఎక్స్‌రేలో మచ్చ కనబడితే డాక్టర్‌కు ముందు టీబీయే గుర్తొస్తుంది. ఆ జబ్బు అంత ఎక్కువ మరి, అందులో తప్పు పట్టను. తెమడలో క్రిమి దొరకలేదు, మందులకు మనిషి తేరుకోవడం లేదు, అయినా ఆర్నెల్ల కోర్సు అయ్యేదాకా చూద్దామని కూర్చుంటారే, నష్టమంతా అక్కడ జరుగుతుంది. టీబీ మందులు పట్టాయంటే మామూలుగా మొదటి నెలలోనే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది. రెండు నెలలకూ చిక్కిపోతూనే ఉన్నారంటే అది మందులకు లొంగని మొండి టీబీ అయినా కావాలి, అసలు టీబీయే కాకపోవాలి. తెమడలో టీబీ క్రిమి ఉందో లేదో, ఉంటే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో చెప్పే సీబీనాట్ పరీక్షకు తెమడను మళ్లీ పంపమని అడగండి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. టీబీ, క్యాన్సర్ రెండూ ఒకే ఛాతీలో ఉండొచ్చు.

ఇంట్లోనే ఒకటి చూడండి. నాన్నను రెండు చూపుడు వేళ్ల గోళ్లు వీపుకు వీపు ఆనించినట్టు ఎదురెదురుగా పెట్టమనండి. గోళ్ల మొదట్లో వజ్రం ఆకారంలో చిన్న సందు, అందులోంచి వెలుతురు కనబడాలి. సందు పూడిపోయి, వేలి చివర డోలు కర్రలా ఉబ్బి ఉంటే లోపల ఏదో పెద్ద జబ్బు ఉండొచ్చు. సందు కనబడినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి, స్కాన్ ఎటూ తప్పదు. గొంతు బొంగురుపోవడం, ముఖం వాయడం, భుజంలో వదలని నొప్పి ఉంటే అవీ డాక్టర్‌కు చెప్పండి. ఊపిరితిత్తికి సొంతంగా నొప్పి తెలియదు. గడ్డ పైపొరను తాకితేనో, పక్కన దేన్నైనా నొక్కితేనో తప్ప మనిషికి తెలియదు. అందుకే చాలామంది ముదిరాక వస్తారు.

స్కాన్‌లో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షించాలంటారు. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందట సార్’ అని మా ఓపీలో వారానికొకరైనా అంటారు. ఆ భయంతో ఇంటికి తీసుకెళ్లి, మూడు నెలలు పసరు మందు పోయించి, స్ట్రెచర్ మీద తెచ్చిన కుటుంబాలను చూశాను. ముక్క పరీక్ష లేకుండా అది ఏ రకమో తెలియదు, రకం తెలియకుండా మందు లేదు. తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తో తీసేయొచ్చు. ముదిరినా, కొన్ని జన్యు మార్పులున్న రకాలకు ఇప్పుడు మాత్రలే ఉన్నాయి.

ఇక కారణాలు. ‘నాది బీడీయే కదా, సిగరెట్టు కాదు’ అని మగవాళ్లు ధైర్యంగా చెబుతారు. తునికాకు గాలి ఆడనివ్వదు, బీడీ ఆరిపోకుండా గట్టిగా, మళ్లీ మళ్లీ దమ్ము లాగాల్సిందే. అలా లోపలికి పోయే తారు సిగరెట్టు కంటే తక్కువేం కాదు. దానికి క్రషర్ దుమ్ము తోడైంది. రాతి దుమ్ములోని సిలికా కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. మూతికి చుట్టిన తువ్వాలు కళ్లకు కనబడే దుమ్మునే ఆపుతుంది, చంపే దుమ్ము కళ్లకు కనబడదు. నీళ్లు చల్లుతూ రాయి ఆడించడం యజమాని పని. కనీసం ఎన్‌95 మాస్కయినా ఇవ్వాలి.

ఫ్లోరైడ్‌ను ఈ ఒక్క నేరానికి వదిలేద్దాం. మన జిల్లాలో అది పళ్లనూ ఎముకలనూ పాడు చేసింది గానీ, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని రుజువు లేదు.

అమ్మ సంగతి వేరు. పొగ తాగని ఆడవాళ్లకూ ఈ క్యాన్సర్ వస్తోంది, కట్టెల పొయ్యి పొగ మీద అనుమానం ఉంది. ఇంట్లో సిలిండర్ ఉంటుంది, చుట్టాలొస్తే చాయ్‌కి వెలుగుతుంది. స్నానాల నీళ్లకూ జొన్న రొట్టెలకూ మాత్రం కట్టెలే! ఆ పొయ్యినైనా ఆరుబయటికి మార్చండి. లక్షణాలు లేనంతవరకు ఆమెకు గానీ మీకు గానీ స్కాన్ అక్కర్లేదు. తక్కువ రేడియేషన్ సీటీతో ముందస్తు పరీక్ష బాగా పొగ తాగినవాళ్లకు. అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, రోజుకో ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు తాగినవాళ్లకు చేయమంటారు. పాత టీబీ మచ్చలున్న మన ఛాతీల్లో ఉత్త అనుమానాలే ఎక్కువ బయటపడతాయి.

‘ఇప్పుడు బీడీ మానితే ఏమొస్తది’ అని నాన్న అంటారు, నాకు తెలుసు. మానేసిన పదేళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. ఒకవేళ జబ్బు బయటపడినా, మానినవాళ్లు ఆపరేషన్‌ను తట్టుకుంటారు, పుండు త్వరగా మానుతుంది. 1800-11-2356కు ఫోన్ చేస్తే బీడీ మానడానికి సలహా ఉచితంగా చెబుతారు.

సీటీ రిపోర్టులో గడ్డ అని వస్తే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి గానీ, నిమ్స్ గానీ. ఆరోగ్యశ్రీ కార్డు పెట్టుకోండి, 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. పాత ఎక్స్‌రే ఫిల్ములు బియ్యం డబ్బా వెనకో, బీరువా మీదో ఉంటాయి. అన్నీ మడవకుండా తీసుకెళ్లండి. మచ్చ పాతదా, పెరుగుతోందా అని మేం ముందు వాటినే చూస్తాం.