పైపుల విండ్ చైమ్ మోగకుండా టక్కుమని ఆగిపోతోందా? ముందు చిల్లు చూడండి

విండ్ చైమ్ (గాలికి మోగే పైపుల గుత్తి) మోగడం లేదని ఒకాయన అడిగారు. అంగుళం లావు అల్యూమినియం పైపులు కోసి, పై కొనకు అర అంగుళం కింద చిల్లు పెట్టి కట్టానన్నారు. తప్పు పైపుది కాదన్నా, చిల్లుది. కొట్టినప్పుడు పైపు విల్లు మాదిరి వంగి లేస్తూ ఊగుతుంది. ఆ ఊపులో కదలని చోట్లు రెండే, ఒక్కో కొన నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర. కొన బాగా కదిలే చోటు, అక్కడ కడితే దారమే మోతను మింగేస్తుంది. 600 మి.మీ. పైపును పై నుంచి 134 దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని నడిమధ్య తట్టండి, తేడా చెవికే తెలుస్తుంది. పాత చిల్లు ఉన్నా నష్టం లేదు.

పొడవులు అంగుళం అంగుళం తగ్గిస్తూ కోస్తే స్వరాలు కుదరవు. పైపును సగానికి కోస్తే స్వరం ఒక స్థాయి (స నుంచి పై స దాకా) కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది. గాలి ఏ పైపును ఎప్పుడు తడుతుందో చెప్పలేం కాబట్టి ఏ రెండు కలిసినా పొసగాలి. దానికి మోహన రాగం బంగారం. స రి గ ప ద లకు వరసగా 600, 566, 537, 490, 465 మి.మీ.; చిల్లులు పై నుంచి 134, 127, 120, 110, 104. హిందోళం ఇష్టమైతే 600, 548, 520, 474, 447, చిల్లు లెక్క అదే శాతం. అయిదూ ఒకే పైపులోవి కావాలి, మందం మారితే ఈ లెక్క చెల్లదు. కిటికీలు చేసే అల్యూమినియం అంగడిలో 1.5 మి.మీ. మందంది 9 అడుగులు తీసుకుంటే సరి. ప్రతి ముక్కా 2 మి.మీ. ఎక్కువ కోసి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని ఆకురాయితో అరగదీయండి. అరిగేకొద్దీ స్వరం పెరుగుతుందే గానీ మళ్లీ దిగదు.

చిల్లు 3 మి.మీ. చాలు, పైపుకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు పెట్టండి. ముందు మేకుతో చుక్క కొట్టకపోతే డ్రిల్లు జారుతుంది. దారాన్ని చిల్లులోంచే తీస్తే అంచు దాన్ని కోసేస్తుంది. దానికి బదులు దారం ఉచ్చును పై నుంచి లోపలికి వదిలి, 3 మి.మీ. అల్యూమినియం కడ్డీ ముక్కను ఒక చిల్లులోంచి ఉచ్చులో దూర్చి రెండో చిల్లులో దించండి. నూలు దారం వానకు కుళ్లుతుంది, పాలిస్టర్ అల్లిక దారం మేలు.

పై చెక్క 7 అంగుళాలు. దానిమీద 14 సెం.మీ. వ్యాసంతో వలయం గీసి అయిదు చోట్ల పైపులు వేలాడదీయండి. పైపుల మధ్య వేలాడుతూ వాటిని తట్టే చెక్కను నాలుక అంటాం. అది పైపు నడుముకు తగిలితేనే అసలు స్వరం నిండుగా వస్తుంది, అందుకే పైపుల నడుములన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. చెక్క నుంచి కడ్డీ దాకా దారాలు 174, 184, 192, 205, 212 మి.మీ. (మోహనానికి). నాలుక 75 మి.మీ. గుండ్రటి చెక్క, పై చెక్కకు 340 కింద. వేపో టేకో చాలు. ఎర్రచందనం ముక్క ఇస్తామని ఎవరన్నా అంటే వద్దు, లేనిపోని కేసు.

నాలుక కింద వేలాడే, గాలి పట్టే రేకు పైపుల చాటున ఉంటే ఊగదు, పై చెక్క నుంచి 750 మి.మీ. దాకా దించండి. ఆషాఢం గాలికి పాత సీడీ చాలు, పెద్ద రేకు కడితే రాత్రంతా నిద్ర ఉండదు.

అన్నీ కుదిరాక ఒక్క పైపు మాత్రం జర్రుమంటుంటే ఆ కడ్డీ వదులైనట్టే. రెండు కొనల్లో ఒక్కో చుక్క అరల్డైట్ వేయండి.