హన్నాకి బాప్తిస్మం ఇవ్వకు, కృపా

ప్రియమైన కృపకు,

ప్రభువు నామంలో వందనాలు.

నీ నవల రాతప్రతి మొత్తం చదివాను. బెర్లిన్‌లో పాస్టర్ గారబ్బాయి యోహాన్, అతను ప్రేమించిన యూదు అమ్మాయి హన్నా, చర్చి అటక మీద రెండున్నరేళ్లు దాక్కుని బతకడం, యుద్ధం ముగిశాక హన్నా బాప్తిస్మం, పెళ్లి. కథ చెప్పడం నీకు వచ్చు. చలికి వణుకుతూ ఇద్దరూ 121వ కీర్తన చెప్పుకునే చోట ప్రతిని పక్కన పెట్టి చాలాసేపు అలా ఉండిపోయాను. 'కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను' అన్న మాట ఇద్దరికీ పుట్టింటి మాటే. ఒకరు రెండోవాళ్లకి నేర్పలేదు. ఆమె హీబ్రూలో మొదలుపెడితే అతను జర్మన్‌లో అందుకున్నాడు. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చింది అక్కడే. కానీ చివరి అధ్యాయాలకు వచ్చేసరికి ఆ సమానత్వాన్ని నువ్వే చెరిపేశావు. ఈ ఉత్తరం ముఖ్యంగా అందుకోసమే రాస్తున్నాను.

దానికి ముందు కొన్ని తేదీల సంగతి. 1938 నవంబర్‌లో సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు) తగలబడిన రాత్రి హన్నా కోటు మీద పసుపు నక్షత్రం ఉందని రాశావు. జర్మనీలో యూదులు అది కుట్టుకుని తిరగాలన్న ఆజ్ఞ 1941 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. 1940లో ఇద్దరూ గుట్టుగా చర్చిలో పెళ్లి చేసుకుందామనుకుంటారు. 1935 సెప్టెంబర్ 15న నూరెంబర్గ్‌లో చేసిన చట్టం అలాంటి పెళ్లిని నిషేధించింది. పెళ్లి కాకుండా కలిసి ఉన్నా నేరమే, ఆ నేరానికి ఆ చట్టం శిక్ష వేసేది మగవాడికి. పక్కింటివాళ్లు ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు, నాజీల రహస్య పోలీసు గెస్టపో వచ్చేది. ఇంత టెన్షన్ నీ కథలోనే ఉండగా ఆ పార్కు వెన్నెల అన్ని పేజీలు ఎందుకమ్మా? ఆ భయాన్ని రాయి. మెట్ల మీద ఎవరో నడిచిన చప్పుడుకి ఇద్దరూ చేతులు వదిలేసుకోవడం రాయి.

అటక సంగతి కూడా చూడు. బెర్లిన్‌లో దాదాపు 7,000 మంది యూదులు అజ్ఞాతంలోకి వెళ్తే, దాదాపు 1,700 మంది బతికి బయటపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఒక్కచోట ఉండలేకపోయారు. ఇల్లు మారుతూ, పేరు మారుస్తూ, బాంబు దాడులప్పుడు అందరితో కలిసి షెల్టర్‌లోకి దిగలేక బతికారు. దాక్కున్న మనిషికి రేషన్ కార్డు ఉండదు. అంటే యోహాన్ వాళ్లమ్మ తన వాటా రొట్టెలోంచి రోజూ కొంత కోసి పైకి పంపాలి. ఆ తల్లి నీ కథలో రెండుసార్లు కనిపించి మాయమైపోయింది. నన్నడిగితే ఆవిడ విశ్వాసం యోహాన్ ప్రసంగాల కన్నా గట్టిది.

ఇప్పుడు అసలు విషయం. ప్రేమ, విశ్వాసం రెండూ ఒకే ఇంట్లో ఉన్న నిజమైన కథ ఒకటి చెబుతాను. యోకెన్ క్లెపర్ పాస్టర్ గారింట్లో పుట్టినవాడు, కవి, నవలాకారుడు. 1931లో హన్నీ అనే యూదు వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. ఆమె తనకన్నా పదమూడేళ్లు పెద్ద, ఇద్దరు ఆడపిల్లల తల్లి. నాజీలు వచ్చాక ఆ పెళ్లి కారణంగా రేడియోలో ఉద్యోగం పోయింది, రచయితల సంఘం నుంచి తీసేశారు, చివరికి సైన్యం నుంచి కూడా పంపించేశారు. విడాకులు ఇస్తే అన్నీ తిరిగి దక్కేవి. ఆయన ఇవ్వలేదు. 1938లో వచ్చిన ఆయన కీర్తనల పుస్తకంలో క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలంలో పాడుకునే పాట ఒకటుంది. రోమా పత్రికలోని 'రాత్రి చాల గడచి పగలు సమీపముగా ఉన్నది' అన్న వచనం మీద కట్టింది. జర్మన్ సంఘాల్లో ఇప్పటికీ పాడతారు.

పెద్దమ్మాయి 1939లో ఇంగ్లండ్ చేరింది. చిన్నమ్మాయి రెనాటే ఉండిపోయింది. 1942 డిసెంబర్‌లో స్వీడన్ ఆ పిల్లకి రావడానికి అనుమతి ఇచ్చింది. జర్మనీ వదిలి వెళ్లే అనుమతి మాత్రం యూదుల తరలింపు చూసే నాజీ అధికారి ఐక్‌మన్ నిరాకరించాడు. డిసెంబర్ 10 రాత్రి ముగ్గురూ కలిసి చనిపోవాలని నిర్ణయించుకున్నారు. తమ కోసం పోరాడుతూ ఆశీర్వదిస్తున్న క్రీస్తు బొమ్మ ఎదుట తమ జీవితం ముగుస్తోందని ఆయన డైరీలో చివరి మాటలు రాశాడు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, హన్నీ బాప్తిస్మం తీసుకుంది. 1938 డిసెంబర్‌లో. తర్వాత రెనాటే కూడా. అది వాళ్లను కాపాడలేదు. నాజీల లెక్క తాతముత్తాతలతో, విశ్వాసంతో కాదు. పైగా ఆ తాతముత్తాతల లెక్క తేల్చడానికి కావలసిన బాప్తిస్మపు రిజిస్టర్లు చర్చి బీరువాల్లోనే ఉండేవి. ఎంతోమంది పాస్టర్లు వాటిలోంచి సర్టిఫికెట్లు తీసి రాసిచ్చారు. నీ నవలలో యోహాన్ నాన్న పాస్టర్ కదా, ఆయన బల్ల మీద ఆ రిజిస్టర్ ఎక్కడ ఉంది? హన్నా అటక మీద ఉండగా కింద ఆఫీసు గదిలో ఎవరో వచ్చి అవ్వాతాతల సర్టిఫికెట్ అడిగితే ఆయన సంతకం పెడతాడా, పెట్టడా? ఆ ఒక్క సన్నివేశం ఆయన్ని మనిషిని చేస్తుంది. ఇప్పుడాయన మంచి మాటలు చెప్పే తెల్లగడ్డం మాత్రమే.

క్రైస్తవురాలివి కాబట్టి నువ్వు చర్చి తప్పు రాయడానికి జంకుతున్నావని నాకు అర్థమైంది. నీ నవలలో నాజీలందరూ దేవుణ్ణి నమ్మనివాళ్లు, దేవుణ్ణి నమ్మేవాళ్లందరూ యూదులను దాచేవాళ్లు. అలా జరగలేదు కృపా. 1543లో మార్టిన్ లూథర్ యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ల సినగాగులు తగలబెట్టమని ఉంది. 1939లో ఐసనాక్ పట్టణంలో ప్రొటెస్టెంట్ సంఘాలే ఒక సంస్థ పెట్టి, బైబిల్ నుంచీ పాటల నుంచీ యూదు ఛాయలు తుడిచేసే పని మొదలుపెట్టాయి. హిట్లర్‌ని ఎదిరించిన సంఘాలు 1934లో బార్మెన్‌లో చేసిన గొప్ప ప్రకటనలో యూదుల ప్రస్తావనే లేదు. వీళ్లందరూ ఆదివారం మోకాళ్లూనినవాళ్లే. మన దగ్గర కూడా మంచి శుక్రవారం ఏడు మాటల ప్రసంగాల్లో 'యూదులు ప్రభువుని చంపారు' అని ఎంత తేలిగ్గా అనేస్తారో నువ్వూ వినే ఉంటావు. అదే మాట యూరప్‌లో కొన్ని వందల ఏళ్లు విన్న జనం మధ్య నీ కథ నడుస్తోంది. యోహాన్ చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నది కూడా అదే అయి ఉంటుంది. హన్నాని ప్రేమించాక ఆ మాట అతని గొంతులో ఎక్కడ అడ్డం పడిందో రాస్తే, అతని విశ్వాసం పరీక్షకు నిలబడినట్టు పాఠకులకు తెలుస్తుంది.

నమ్మకాన్ని పనిగా చేసి చూపినవాళ్లు లేరని నేననడం లేదు. ఫ్రాన్స్‌లో లె షాంబోన్ అనే కొండ ఊరు ఉంది. అక్కడి పాస్టర్ ఆంద్రే ట్రోక్మే, సహ పాస్టర్ ఎడ్వార్ తైస్. ఫ్రాన్స్ లొంగిపోయి సంధి రాసుకున్న మర్నాడే, 1940 జూన్ 23న, మనస్సాక్షి మీద జరిగే దౌర్జన్యాన్ని ఆత్మసంబంధమైన ఆయుధాలతో ఎదిరించడం క్రైస్తవుల బాధ్యత అని వాళ్లు సంఘానికి చెప్పారు. 1942 ఆగస్టులో జర్మనీతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వంలోని యువజన శాఖ కార్యదర్శి ఊరికి వస్తే, స్కూలు విద్యార్థులు ఆయన చేతిలో ఉత్తరం పెట్టారు. తమ మధ్య యూదులు ఉన్నారనీ, తాము తేడా చూడమనీ, అలా తేడా చూడటం సువార్తకు విరుద్ధమనీ. యూదుల జాబితా ఇమ్మంటే ట్రోక్మే, యూదులంటే ఎవరో మాకు తెలియదు, మనుషులే తెలుసు అన్నాడు. ఆ పీఠభూమిలో వేలమంది తలదాచుకున్నారు. ట్రోక్మే బంధువు డానియేల్ తన విద్యార్థులతో పాటు 1943లో పట్టుబడి, మరుసటి ఏడు పోలండ్‌లోని మైదానెక్ నాజీ శిబిరంలో చనిపోయాడు.

ఆ ఊరివాళ్లు హ్యూగెనోలు, అంటే ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు. 1685లో రాజు వాళ్ల ఆరాధనను నిషేధించిన తర్వాత తమ తాతలు సొంత దేశంలోనే వేటాడబడిన జ్ఞాపకం వాళ్ల ఇళ్లలో ఉంది. ద్వితీయోపదేశకాండంలోని ఆశ్రయపురాల మాట వాళ్లకు సండే స్కూల్ పాఠంగా మిగిలిపోలేదు. నీకు ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. ఆ ఊళ్లో దాగినవాళ్లకు దొంగ కాగితాలు తయారు చేసినవాడు ఆస్కార్ రొసోవ్‌స్కీ. ఇరవై ఏళ్ల యూదు కుర్రాడు. అంటే దాక్కున్నవాళ్లే మిగతావాళ్లను కాపాడారు కూడా. నీ హన్నా రెండున్నరేళ్లు అటక మీద కూర్చుని యోహాన్ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూడటం తప్ప ఏమీ చెయ్యదు. ఆమెకొక పని ఇవ్వు.

ఆమెకొక ఇల్లు కూడా ఇవ్వు. హన్నా ఎలాంటి యూదురాలు? ఒరానియెన్‌బుర్గర్ వీధిలోని సినగాగులో ఆర్గన్ వాయించేవారు, అక్కడికి వెళ్లే ఉదారవాద కుటుంబమా? పోలండ్ నుంచి వచ్చిన నిష్ఠాపరుల ఇల్లా? పండగలకు తప్ప ప్రార్థన ముఖం చూడని డాక్టర్ గారి అమ్మాయా? శుక్రవారం పొద్దు గుంకకముందు వాళ్లమ్మ విశ్రాంతిదినం దీపాలు వెలిగించేదా? నిష్ఠగల ఇంట్లో దేవుని పేరు నోటితో పలకరు, 'అదోనై' అంటారు. నువ్వు మన బైబిల్లో ఉన్నట్టు ఆమె చేత 'యెహోవా' అనిపించావు. ఇవన్నీ తెలుసుకున్నాక ఆమె నీ చేతిలో అంత సులువుగా లొంగదు. అదే మంచిది.

అందుకే ఆ బాప్తిస్మం అధ్యాయం తీసెయ్యమంటున్నాను. మన పాఠకులు సంతోషిస్తారని రాశావు, నాకు తెలుసు. కానీ ఆలోచించు. హన్నా తల్లి, తండ్రి, తమ్ముడు యూదులైనందుకు చంపబడ్డారు. 60 లక్షల మంది అలాగే పోయారు. మిగిలిన ఒక్క పిల్ల కూడా యూదురాలిగా ఉండకపోవడాన్ని నువ్వు సుఖాంతం అంటున్నావు. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో ఫినాలీ అన్నదమ్ముల కేసు నడిచింది. తల్లిదండ్రులను నాజీలు తీసుకుపోతే గ్రెనోబుల్‌లో ఆంట్వనెట్ బ్రన్ అనే క్యాథలిక్ స్త్రీ ఆ ఇద్దరు పసివాళ్లను కాపాడింది. నిజంగా కాపాడింది. తర్వాత మేనత్తలు అడిగితే ఇవ్వలేదు. 1948లో బాప్తిస్మం ఇప్పించింది. కోర్టు ఇచ్చెయ్యమంటే, కొందరు మతగురువుల సాయంతో పిల్లలను సరిహద్దు దాటించి స్పెయిన్ చేర్చారు. 1953లో గానీ వాళ్లు అత్త దగ్గరికి చేరలేదు. ప్రాణం కాపాడినంత మాత్రాన ఆ ప్రాణం మనదైపోదు. యోహాన్ ఆమెను ప్రేమించి, దాచి, ఆమె ఆమెగా వెళ్లిపోతానంటే స్టేషన్ దాకా తోడు వెళ్లగలిగితే, నాకు అతనిలో క్రీస్తు కనిపిస్తాడు. ఆమె అతని దగ్గరే ఉండిపోయినా ఉండనీ, కానీ శుక్రవారం దీపాలు ఆ ఇంట్లో వెలగాలి.

క్షమాపణ సన్నివేశం కూడా మళ్లీ రాయాలి. యూదులను దాచినందుకు పట్టుబడిన డచ్ క్రైస్తవురాలు కోరీ టెన్ బూమ్ సాక్ష్యం మన మందిరాల్లో ఎన్నిసార్లు విన్నామో. రావెన్స్‌బ్రూక్ నాజీ శిబిరంలో అక్క బెట్సీని పోగొట్టుకుని, యుద్ధం తర్వాత ఒక పాత గార్డుకి ఆమె చెయ్యి అందించింది. ఆ చెయ్యి పైకెత్తడానికి ఆమె పడిన బాధ కూడా తనే చెప్పింది. తన గాయాన్ని తను క్షమించింది. నీ హన్నా మాత్రం అందరి తరఫునా ఒక్క పేజీలో క్షమించేస్తుంది. యూదు సంప్రదాయంలో మనిషికి చేసిన తప్పును ఆ మనిషే క్షమించాలి, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం కూడా దానికి బదులు కాదు. చనిపోయిన తమ్ముడి తరఫున మాట్లాడే హక్కు తనకు లేదని హన్నా అంటే ఆమెను కఠినురాలని అనుకోకు. యోహాన్‌ని ఆ మాట వినమను, జవాబు చెప్పనివ్వకు.

ఇదంతా చదివి నవల పక్కన పెట్టేస్తావేమోనని భయంగా ఉంది. పెట్టకు. తెలుగులో ఈ కథ రాయడానికి నీకు ఓపికా ఉంది, ప్రేమా ఉంది. మొదటి అధ్యాయం నుంచి తిరగరాయొద్దు. ముందు ఒక్క కొత్త అధ్యాయం రాయి. 1941 అక్టోబర్, బెర్లిన్ నుంచి యూదులను తూర్పుకి తరలించే రైళ్లు మొదలైన నెల. హన్నా వాళ్లిల్లు, భోజనాల బల్ల, అమ్మా నాన్నా తమ్ముడూ. ఆ గదిలో యోహాన్ ఉండకూడదు, క్రైస్తవులెవరూ ఉండకూడదు. వాళ్లేం మాట్లాడుకుంటారో పది పేజీలు రాసి పంపు. చివరి అధ్యాయం సంగతి అది చదివాక మాట్లాడుకుందాం. అమ్మగారికి నా వందనాలు చెప్పు.

ప్రేమతో, ప్రార్థనలతో,
మీ ఆంటీ